కామ్ నది మీద ఒక రోజు: కేంబ్రిడ్జిలో పంటు విహారం చేయడమెలా?

గోదావరి జిల్లాలవారికి పంటు అనే మాట కొత్తది కాదు. నరసాపురానికీ సఖినేటిపల్లికీ మధ్య మనుషులనూ వాహనాలనూ గోదావరి దాటించే పెద్ద పడవను అక్కడ పంటు అనే పిలుస్తారు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి పట్టణంలో కామ్ నది మీద తిరిగే పంటు పేరుకు దాని చుట్టమే గాని రూపంలో పూర్తిగా వేరు. సుమారు 7 మీటర్ల పొడవు, మీటరుకు కాస్త తక్కువ వెడల్పు, చదునైన అడుగు, రెండు వైపులా నలుచదరంగా తెగ్గోసినట్టుండే కొసలు దాని ఆనవాళ్లు. దాన్ని నడిపేది తెడ్డు కాదు, సుమారు 5 మీటర్ల పొడవున్న గడ. కొల్లేటిలో దోనె వెనుక నిలబడి గడ వేసేవారిని చూసినవారికి ఈ పద్ధతి ఒక్క చూపులో అర్థమవుతుంది. ఇది విలాసం కోసం పుట్టిన పడవ కాదు. కేంబ్రిడ్జికి ఉత్తరాన పరుచుకున్న ఫెన్స్ అనే చిత్తడి నేలల్లో సరకులు మోయడానికీ, రెల్లు కోసి తెచ్చుకోవడానికీ, నీటిపక్షుల వేటకూ లోతులేని నీటిలో నడిచే ఇటువంటి పడవలు వాడుకలో ఉండేవి. 20వ శతాబ్దపు తొలి ఏళ్లలో మాత్రమే కేంబ్రిడ్జిలో వీటిని విహారానికి అద్దెకిచ్చే అలవాటు మొదలైంది.

లండన్‌లో ఉద్యోగం చేసుకునేవారికైనా, అమ్మానాన్నలను ఇంగ్లండు చూపించడానికి పిలిపించుకున్నవారికైనా ఒక్క రోజులో హాయిగా ముగించుకురాగల ప్రయాణాలలో ఇది ఒకటి. అయితే చాలామంది దీన్ని తప్పు వరసలో చేస్తారు. మధ్యాహ్నం రెండు గంటలకు, నది మీద రద్దీ పతాకస్థాయిలో ఉన్నప్పుడు, కళాశాలల వెనుక భాగంలోనే మొట్టమొదటిసారి గడ చేతపట్టి, చుట్టూ ఉన్న పడవలను ఢీకొంటూ, గడ తప్ప మరొకటి చూడకుండా గంటసేపు గడిపి ఒడ్డెక్కుతారు. నా సలహా దీనికి తలకిందులు. చూడదగ్గ కట్టడాలు లేని ఎగువ నదిలో ఉదయం మీరే గడ వేయండి. అడుగడుగునా చూడదగ్గది ఉన్న మధ్య నదిలో సాయంత్రం జీతానికి పనిచేసే సరంగు చేతిలో గడ పెట్టి మీరు కూర్చోండి.

ఈ సలహా అర్థం కావాలంటే నది మూడు ముక్కలుగా ఉన్నదన్న సంగతి తెలియాలి. సిల్వర్ వీధి వంతెన దగ్గర మిల్ పాండ్ అనే మడుగు ఉంది. ఆ మడుగుకు పైన ఒక చిన్న అడ్డుకట్ట, దాని ఎగువన గ్రాంచెస్టర్ గ్రామం వరకు సాగే భాగం ఎగువ నది. అడ్డుకట్టకు దిగువన సిల్వర్ వీధి నుంచి మాడ్లిన్ వంతెన మీదుగా జీసస్ లాకు వరకు ఉన్నది మధ్య నది. కళాశాలల వెనుక తోటల గుండా పోయే ఈ భాగాన్నే బ్యాక్స్ అంటారు. లాకుకు దిగువన ఉన్నది కళాశాలల జట్లు పొడవాటి పందెపు పడవలను తెడ్లతో నడిపే భాగం కాబట్టి మనకు అక్కడ పని లేదు. ఎగువ నదికీ మధ్య నదికీ మధ్య పడవలను నేల మీదుగా లాగి దాటించడానికి ఇనుప దొర్లుడు కడ్డీలు అమర్చి ఉన్నా, కొత్తవారు ఆ శ్రమ పెట్టుకోనవసరం లేదు; రెండు భాగాలకూ వేర్వేరు రేవులున్నాయి.

ఎప్పుడు వెళ్లాలి, ఎలా చేరాలి

ఏప్రిల్ చివరి నుంచి సెప్టెంబరు చివరి వరకు అనువైన కాలం. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య దాటేవరకు పరీక్షల కారణంగా చాలా కళాశాలలు సందర్శకులకు తలుపులు మూస్తాయి. నడిచి చూడవచ్చినవారికి అది నిరాశే గాని పడవలో వచ్చినవారికి కాదు, ఎందుకంటే నది తలుపు ఎవరూ మూయరు. మూసివున్న కళాశాలల వెనుక భాగమంతా నీటి మీది నుంచి యథాప్రకారం కనిపిస్తుంది. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురు ఉంటుంది కనుక రోజును సాగదీసుకోవచ్చు. శనివారాలు, ఆదివారాలు, ఆగస్టు నెలలో ఎండకాసే ఏ రోజైనా నది కిక్కిరిసిపోతుంది. సెలవు పెట్టగలిగితే సెప్టెంబరులో ఒక మంగళవారమో బుధవారమో ఎంచుకోవడం మేలు.

లండన్ కింగ్స్ క్రాస్ నుంచి ఆగకుండా వెళ్లే రైళ్లు సుమారు 50 నిమిషాల్లో కేంబ్రిడ్జి చేరుస్తాయి; లివర్‌పూల్ స్ట్రీట్ నుంచి వెళ్లేవి మరింత సమయం తీసుకుంటాయి. పనిరోజుల్లో ఉదయపు రద్దీ ముగిశాక బయలుదేరే ఆఫ్-పీక్ టికెట్టు చవక, ముగ్గురు లేక అంతకంటే ఎక్కువమంది కలిసి వెళ్తే గుంపు రాయితీ కూడా దొరుకుతుంది. స్టేషను ఊరి మధ్యలో ఉండదు. సిల్వర్ వీధి వరకు నడిస్తే దాదాపు అరగంట పడుతుంది. పెద్దవాళ్లు వెంట ఉంటే స్టేషను ముందే బస్సు ఎక్కడం మంచిది. కారులో వచ్చేవారు ఊళ్లోకి తీసుకురాకుండా, ఊరి అంచుల్లో ఉన్న పార్క్ అండ్ రైడ్ స్థలాల్లో కారు ఆపి బస్సులో రావాలి. ఊరి నడిబొడ్డున కారు ఆపుకునే చోటు వెతుక్కోవడమంటే విహారానికి కేటాయించిన తీరికంతా అక్కడే ఖర్చుపెట్టడం.

పంటులను స్కడమోర్స్ వంటి సంస్థలు అద్దెకిస్తాయి. ఆ సంస్థ 1910 నుంచి ఈ వ్యాపారంలో ఉంది. వీధిలో చేత పటం పట్టుకొని పడవ కావాలా అని వెంటపడేవారితో బేరమాడడం కంటే, రేవుకే వెళ్లిగాని ముందుగా ఆన్‌లైన్‌లోగాని తీసుకుంటే ధర ఎంతో, ఎంత సేపో స్పష్టంగా ఉంటుంది. సొంతంగా నడుపుకునే పంటులో సాధారణంగా ఆరుగురు పడతారు. కాని గ్రాంచెస్టర్ దాకా వెళ్లదలచుకున్న కొత్తవారు నలుగురితో సరిపెట్టుకుంటే గడ వేసేవారి భుజాలు తేలికపడతాయి. ఎగువ నదికి పడవ కావాలని, కనీసం ఐదు గంటలు కావాలని అడిగేటప్పుడే చెప్పాలి, ఎందుకంటే గంట లెక్కన తీసుకుని గడియారం చూసుకుంటూ గడ వేస్తే ఈ ప్రయాణానికి అర్థం లేదు. పిల్లలుంటే లైఫ్ జాకెట్లు అడిగి తీసుకోండి. పడవ దగ్గర గడతో పాటు ఒక చిన్న తెడ్డు కూడా ఇస్తారు; అది లేకుండా రేవు వదలవద్దు, దాని అవసరం ఎప్పుడు వస్తుందో కొంచెం సేపట్లో చెబుతాను.

బట్టల విషయంలో రెండు మాటలు. నున్నటి అడుగున్న చెప్పులు పనికిరావు. జారని బూట్లు కావాలి, లేదా ఒట్టి పాదాలు. గడ పైకి లాగిన ప్రతిసారీ నీళ్లు దాని మీదుగా జారి మోచేతులదాకా వస్తాయి కనుక పొడవు చేతుల చొక్కా వేసుకున్నవారు దాన్ని ముందే మడుచుకోవాలి. చీరతో గడ వేయడం అసాధ్యమేమీ కాదు గాని కుచ్చిళ్లు ఎగదోపుకోక తప్పదు. గడ పట్టినవారి జేబులో ఫోను ఉండకూడదు. ఒక జత పొడి బట్టలు, ఒక తువాలు సంచిలో ఉంటే పడిపోతామన్న భయం సగం తగ్గుతుంది.

గడ వేయడం

నిలబడే చోటు దగ్గరే వాదం మొదలవుతుంది. పంటుకు ఒక కొసన చిన్న బల్ల వేదికలా ఉంటుంది. కేంబ్రిడ్జివారు ఆ బల్లను వెనుక ఉంచి దాని మీద నిలబడతారు. ఆక్స్‌ఫర్డ్‌వారు అదే బల్లను ముందు ఉంచి, వెనుక కొసన పడవ లోపల నిలబడతారు. ఏది సరైనదన్న విషయంలో రెండు విశ్వవిద్యాలయాలకూ ఇప్పటికీ రాజీ కుదరలేదు. మీరు కామ్ నది మీద ఉన్నారు కాబట్టి బల్ల మీదే నిలబడండి, పైగా ఎత్తులో ఉంటే గడ వేయడం సులువు కూడా.

కుడిచేతివాటం వారు సాధారణంగా పడవకు కుడి పక్కన గడ వేస్తారు. బల్ల మీద కుడి అంచుకు దగ్గరగా, పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి, ముఖం ముందుకు, ఒళ్లు కొంచెం ఆ పక్కకు తిప్పి నిలబడాలి. ఒకసారి పెట్టిన పాదాలను కదపకూడదు. పంటు ఊగేది నీటి వల్ల కాదు, దాని మీద నిలబడినవారు తప్పటడుగులు వేయడం వల్ల. ఇప్పుడు గడను నీటికి పైకెత్తి, నిట్టనిలువుగా, పడవను ఇంచుమించు రాసుకునేంత దగ్గరగా పట్టుకుని, చేతులు వదులు చేయండి. గడ తన బరువుతో తానే జారి అడుగు తాకుతుంది. కొత్తవారందరూ చేసే తప్పు ఇక్కడే ఉంది: గడను తోయాలనుకుంటారు, అందుకోసం ముందుకు వాల్చి గుచ్చుతారు. అలా ముందుకు వాలిన గడ పడవను నెట్టదు, ఆపుతుంది. అడుగు తాకిన తర్వాతనే, పడవ ముందుకు కదిలి గడ కొంచెం వెనక్కు వాలిన క్షణంలో, దాన్ని ఒక చేతి మీద ఒక చేయి వేస్తూ పైకి పాకుతున్నట్టుగా నొక్కాలి. బలం భుజాల నుంచి కాక ఒంటి బరువు నుంచి రావాలి. గడ కొస చేతికి అందేసరికి పడవ జారుకుంటూ పోతుంటుంది.

అప్పుడు వెంటనే గడను లాగేయకండి. కొసను కొంచెం మెలితిప్పితే కింద అడుసు పట్టు వదులుతుంది. ఆ తర్వాత గడను కాసేపు నీటిలో వెనకాల తేలనివ్వండి. ఇప్పుడు అది గడ కాదు, చుక్కాని. నీటిలో ఉన్న కొసను కుడికి జరిపితే పడవ ముక్కు కుడికి తిరుగుతుంది, ఎడమకు జరిపితే ఎడమకు. దారి సరిచూసుకున్నాకనే గడ పైకి తీసి మళ్లీ నిలువుగా జారవిడవాలి. మొదటి అరగంట పడవ ఈ ఒడ్డుకూ ఆ ఒడ్డుకూ పాములా మెలికలు తిరుగుతుంది. అది నేరం కాదు. ఎక్కువ నెట్టి, తక్కువ నడిపించడమే దానికి కారణం. ఒక్కో తోపు తర్వాత రెండు శ్వాసల పాటు చుక్కాని పట్టడం అలవాటైతే మెలికలు వాటంతట అవే పోతాయి.

ఇక తెడ్డు సంగతి. ఎగువ నదిలో కొన్నిచోట్ల అడుగు మెత్తటి బురద. గట్టిగా దించిన గడ అక్కడ దిగబడిపోతుంది, పడవ మాత్రం ముందుకు పోతూనే ఉంటుంది, మధ్యలో మనిషి సాగుతాడు. ఆ క్షణంలో వదలవలసింది గడను. వదిలేసి పడవ మీదే నిలబడి, లోపల కూర్చున్నవారిని తెడ్డు వేయమని చెప్పి, వెనక్కు వచ్చి నీటిలో నిలువుగా నిలబడి ఎదురుచూస్తున్న గడను మెలితిప్పి పీక్కోవాలి. మొదటిసారి నేను ఈ సూత్రాన్ని నోటితో ఒప్పజెప్పగలిగే స్థితిలోనే ఉన్నాను, అయినా చేతులు వినలేదు. గడను కౌగిలించుకుని కొద్ది క్షణాలు వేలాడి నడుములోతు నీళ్లలోకి మర్యాదగా దిగాను. నది చాలాచోట్ల లోతు తక్కువే అయినా మడుగుల దగ్గర, అడ్డుకట్టల దగ్గర లోతుంటుంది, వసంతంలో నీళ్లు చల్లగా కూడా ఉంటాయి. ఈత రానివారు గడ పట్టకుండా కూర్చోవడమే నయం.

నది మీద కుడి పక్కగా పోవడం నియమం; మన రోడ్ల అలవాటుకూ, ఇంగ్లండు రోడ్ల అలవాటుకూ ఇది విరుద్ధం కాబట్టి గుర్తుపెట్టుకోవాలి. ఎదురుగా మరో పంటు వచ్చినప్పుడు చేతులు బయటకు చాచి దాన్ని నెట్టాలని చూడకూడదు, రెండు పడవల మధ్య వేళ్లు నలుగుతాయి. వంతెన కింద దూరేముందు గడను దించి వెనక్కు వాల్చుకోవాలి, తలను కూడా.

గ్రాంచెస్టర్ దాకా

ఉదయం పది, పదిన్నర గంటలకు ఎగువ రేవులో బయలుదేరితే మొదట రెండు వైపులా పచ్చికబయళ్లు వస్తాయి. ఒక పక్క కో ఫెన్, మరో పక్క షీప్స్ గ్రీన్. పేర్లలో గొర్రెలున్నా వేసవిలో అక్కడ మేసేవి ఆవులు. విశ్వవిద్యాలయ పట్టణం నడుమ, నడిచి పది నిమిషాల్లో అంగళ్లు దొరికేచోట, ఊరుమ్మడి బయలులో ఆవులు మేయడం మనకు వింత కాకపోయినా ఇంగ్లండుకు వింతే. ఫెన్ కాజ్‌వే రోడ్డు వంతెన దాటాక ఊరి చప్పుడు తగ్గిపోతుంది. ఒడ్డున విల్లో చెట్లు నీటి మీదకు వాలి ఉంటాయి; వాటి కొమ్మలు ముఖానికి తగులుతున్నాయంటే పడవ ఒడ్డుకు మరీ దగ్గరైందని గుర్తు. న్యూనమ్ ఇళ్లు వెనకబడిన తర్వాత మీ కుడివైపున గ్రాంచెస్టర్ మైదానాలు మొదలవుతాయి. ఎండ రోజుల్లో అక్కడ ఈతగాళ్లుంటారు. వారికి దారివ్వవలసింది పడవే.

దూరం చూస్తే సుమారు 3 కిలోమీటర్లు. ఒడ్డు వెంట ఉన్న కాలిబాటలో ముప్పావుగంట నడక. కొత్త చేతులతో గడ వేస్తే మాత్రం పోవడానికి దాదాపు రెండు గంటలు పడుతుంది; పక్కనే కుక్కను తీసుకుని నడిచేవారు మిమ్మల్ని దాటి వెళ్లిపోతుంటారు, దానికి చిన్నబుచ్చుకోకూడదు. మేలైన సంగతి ఏమంటే, వెళ్లేటప్పుడు ఉన్న కొద్దిపాటి ఎదురు ప్రవాహం తిరిగివచ్చేటప్పుడు మీకు సాయపడుతుంది. ఓపిక ఉన్నప్పుడు ఎదురీత, అలసినప్పుడు వాలు: ఈ ప్రయాణాన్ని ఉదయానికి పెట్టడానికి ఇదీ ఒక కారణమే.

గ్రాంచెస్టర్‌లో 1868లో నాటిన ఒక పండ్లతోట ఉంది. 1897లో కొందరు విద్యార్థులు ఆ ఇంటివారిని ముందున్న పచ్చిక మీద కాకుండా చెట్ల కింద టీ ఇవ్వమని అడిగారనీ, అక్కడి నుంచే చెట్ల నీడలో టీ తాగే ఆనవాయితీ మొదలైందనీ చెబుతారు. కవి రూపర్ట్ బ్రూక్ 1909లో ఈ గ్రామానికి మకాం మార్చాక అది కవులకూ తత్వవేత్తలకూ అడ్డాగా మారింది. గ్రామంలో పబ్‌లు ఉన్నాయి. కాని శాకాహారులైన పెద్దవాళ్లు వెంట ఉన్నప్పుడు ఒడ్డున పచ్చికలో దుప్పటి పరుచుకుని ఇంటినుంచి తెచ్చిన పులిహోర, పెరుగన్నం తినడాన్ని మించిన ఏర్పాటు నాకు కనిపించలేదు. రెండూ చల్లారినా రుచి చెడవు, రెండూ చెంచాతో తినవచ్చు, పడవలో ఒలికినా పులిహోరతో పెద్ద నష్టం లేదు. బాతులకు రొట్టెముక్కలు వేయకండి, వాటి ఆరోగ్యానికి మంచిది కాదు. పడవను ఒడ్డున కట్టేటప్పుడు గడను పడవలోనే పొడుగునా పెట్టాలి, బయట ఒదిలితే అది తన దారిన తాను పోతుంది.

తిరుగు ప్రయాణం గంటన్నరలో ముగుస్తుంది. అప్పగించవలసిన సమయానికి అరగంట ముందే రేవు కనిపించేలా బయలుదేరండి.

సాయంత్రం, సరంగు చేతిలో

కళాశాలల నదివైపు గోడలు పడమటికి చూస్తాయి. ఉదయం సూర్యుడు వాటి వెనుక ఉంటాడు కనుక అవి నీడలో మసకగా కనిపిస్తాయి. సాయంత్రం వెలుగు నేరుగా వాటి మీద పడి రాయి తేనెరంగుకు తిరుగుతుంది. అందువల్ల సరంగుతో వెళ్లే పంటును ఐదు గంటల తర్వాతకే తీసుకోండి. పోయిరావడానికి సుమారు 45 నుంచి 50 నిమిషాలు. ఇతరులతో కలిసి ఎక్కే పడవ చవక, కుటుంబానికి విడిగా తీసుకునేది ఖరీదు. సీట్లు ఎదురెదురుగా ఉంటాయి కాబట్టి ముందుగా ఎక్కి, ముందుకు చూసే సీటు పట్టుకోవడం తెలివైన పని. సిల్వర్ వీధి నుంచి బయలుదేరితే పాత కట్టడాల్లో ఎక్కువ భాగం మీ కుడివైపున, తోటలు ఎడమవైపున వస్తాయి.

ఈ విశ్వవిద్యాలయం 1209లో, ఆక్స్‌ఫర్డ్‌లో పట్టణవాసులతో గొడవపడి వచ్చేసిన పండితులతో మొదలైందన్నది సరంగు చెప్పే తొలి మాట కావచ్చు. ఆ వెంటనే క్వీన్స్ కళాశాల చెక్క వంతెన వస్తుంది. దీన్ని న్యూటన్ ఒక్క మేకు లేకుండా కట్టాడనీ, విప్పి చూసిన విద్యార్థులు మళ్లీ బిగించలేకపోయారనీ ఒక కథ వినిపిస్తుంది. నవ్వి ఊరుకోండి. విలియం ఎథరిడ్జ్ గీసిన నమూనా మీద జేమ్స్ ఎసెక్స్ దీన్ని కట్టింది 1749లో, న్యూటన్ చనిపోయింది 1727లో. ఇప్పుడు కనిపించేది 1905లో అదే నమూనాలో తిరిగి కట్టినది. దూలాలన్నీ తిన్ననివే, వంపు మాత్రం విల్లులా కనిపిస్తుంది. ఒక్కొక్క దూలం ఆ వంపుకు స్పర్శరేఖలా అమరి ఉండడమే అందులోని గణితం.

తర్వాత పచ్చికకు అవతల కింగ్స్ కళాశాల ప్రార్థనాలయం కనిపిస్తుంది. ఆరో హెన్రీ రాజు 1446లో మొదలుపెట్టించిన ఈ కట్టడానికి, మధ్యలో వచ్చిన అంతర్యుద్ధాల వల్ల, రాతి కప్పు పూర్తయ్యేసరికి 1515 వచ్చింది. విసనకర్ర పుల్లల్లా విచ్చుకునే ఆ కప్పు ఆ శైలిలో ప్రపంచంలోకెల్లా పెద్దది. అది నీటి మీద నుంచి కనిపించదు, టికెట్టు కొని లోపలికి వెళ్లినవారికే కనిపిస్తుంది. కింగ్స్ వంతెన దగ్గర ఒక తెల్లరాయి ముందు చైనా యాత్రికులు ఫొటోలు దిగుతుంటే ఆశ్చర్యపోకండి. 1920లలో ఇక్కడ కొంతకాలం చదివిన కవి షూ జిమో జ్ఞాపకార్థం పెట్టిన రాయి అది.

ఈ భాగంలో ఒక విశేషం నీటి అడుగున ఉంది. సరకుల పడవలను గుర్రాలతో లాగించే రోజుల్లో, తమ తోటల ఒడ్డున గుర్రపు బాట వేయడానికి కళాశాలలు ఒప్పుకోలేదు. దాంతో నది నడిమధ్యలో కంకర కట్ట పోసి, గుర్రాలను నీళ్లలోనే నడిపించారు. ఆ కట్ట ఇప్పటికీ ఉంది. సరంగు గడ అడుగున ఠక్కుమని మోగి, పడవ ఒక్క ఊపున ముందుకు దూసుకుపోయినప్పుడు గడ దాని మీద పడిందని తెలుసుకోవచ్చు. పొద్దున బురదతో పోరాడినవారికే ఆ చప్పుడు విలువ తెలుస్తుంది.

క్లేర్ కళాశాల వంతెన 1640 నాటిది, ఇప్పుడు నిలిచివున్న కళాశాల వంతెనల్లో అన్నిటికంటే పాతది. పిట్టగోడ మీది 14 రాతి గుండ్లలో ఒకదానిలో, పండు కోసి తీసినట్టుగా, ఒక ముక్క తీసేసి ఉంటుంది. కూలి సరిగా ఇవ్వలేదని శిల్పి పగతీర్చుకున్నాడనేది సరంగుల కథ. ఆ తర్వాత గారెట్ హాస్టల్ వంతెన, ట్రినిటీ వంతెన దాటితే కుడివైపు ట్రినిటీ కళాశాలవారి రెన్ గ్రంథాలయం వస్తుంది. 1695లో పూర్తయిన ఈ భవనంలో పుస్తకాలన్నీ పై అంతస్తులో ఉంటాయి, కింద స్తంభాల మధ్య ఖాళీ. శ్రీనివాస రామానుజన్ 1914లో వచ్చి చేరిందీ, 1918లో ఫెలోగా ఎన్నికైందీ ఈ ట్రినిటీ కళాశాలలోనే. ఆయన చివరి రోజుల లెక్కలున్న కాగితాల కట్టను 1976లో జార్జ్ ఆండ్రూస్ అనే గణితవేత్త ఈ గ్రంథాలయంలోనే గుర్తించాడు. దాన్నే తప్పిపోయిన నోటుపుస్తకం అంటున్నారు. సరంగు దీన్ని చెప్పకుండా దాటేస్తే మీరే అడగండి.

చివరగా సెయింట్ జాన్స్ కళాశాల నదికి రెండు పక్కలా నిలబడి ఉంటుంది. ఆ రెండు పక్కలనూ కలిపే, పైన కప్పు ఉన్న నిట్టూర్పుల వంతెన 1831లో కట్టినది. 1963లో కొందరు విద్యార్థులు నాలుగు పంటులను కలిపి కట్టి, వాటి మీద ఒక పాత కారును ఎక్కించి తెచ్చి, రాత్రికి రాత్రి ఈ వంతెన కింద వేలాడదీశారు. పంటు ఎంత బరువు మోయగలదో ఎవరైనా అడిగితే చెప్పడానికి ఇది పనికొస్తుంది. తెలుగువారికి ఈ కళాశాలతో మరో సంబంధం ఉంది: ఆంధ్ర విశ్వవిద్యాలయపు తొలి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి చదువుకున్నది ఇక్కడే. మాడ్లిన్ వంతెన దగ్గర పడవ వెనక్కు తిరుగుతుంది. ఇంగ్లీషులో ఆ పేరు రాసే తీరుకూ పలికే తీరుకూ పొంతన ఉండదు, దారి అడగవలసి వస్తే మాడ్లిన్ అనే పలకండి.

ఒడ్డెక్కాక రైలుకు ఇంకా సమయం ఉంటే గారెట్ హాస్టల్ సందులోంచి నడిచి అదే పేరున్న వంతెన ఎక్కండి. మిగతా కళాశాలల వంతెనల మాదిరిగా కాక ఇది అందరిదీ, టికెట్టు అక్కర్లేదు. దక్షిణాన క్లేర్ వంతెన, ఉత్తరాన ట్రినిటీ వంతెన కనిపిస్తాయి. కింద, ఆ రోజే మొదటిసారి గడ పట్టినవారు ఒక్కొక్కరుగా వస్తుంటారు. గడ ముందుకు వాలి ఉన్నదో నిలువుగా ఉన్నదో ఈపాటికి మీకు పైనుంచే తెలిసిపోతుంది.